లోపలి కుట్టు చూసి కొనే మనిషి

మా పక్క వాటాలో ఉండే టైలరమ్మ చేతికి ఏ బట్ట ఇచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. పైన లేసులూ పూసలూ ఎంత మెరిసినా ఆమెకి పట్టదు. ఆమె సంగతులు నాకింత బాగా ఎలా తెలుసంటారా? మా వంటింటి కిటికీ సరిగ్గా ఆమె కుట్టుమిషనుకి ఎదురుగా ఉంది. అందులో నా తప్పేం లేదు.

ఆమె కూతురికి బట్టల మీద డిజైన్లు వేసే చదువుకి కాలేజీలో సీటొచ్చింది. లాప్‌టాప్ తప్పనిసరి అన్నారు. "కొనడమంటూ ఒక్కసారే. చదువయ్యేదాకా అదే నడవాలి" అని టైలరమ్మ ముందే తేల్చేసింది. తల్లీకూతుళ్ళతో పాటు షాపుకి నేనూ బయల్దేరాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

షాపాయన రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా, మందంగా ఉన్నది ఆఫీసుల కోసం చేసిన రకమట. తళతళలాడే పల్చటిది ఇళ్ళలో వాడుకునే రకమట. టైలరమ్మ రెండిటినీ బోర్లించి, "లోపల చూపించండి" అంది.

"కొనకముందే విప్పమంటే ఎలాగమ్మా?"

"కొన్నాక విప్పి ఏం చేసుకుంటాం నాయనా?" అన్నాను నేను.

ఆయన నవ్వేసి, రిపేరుకొచ్చిన పాతవి, అవే రకాలవి, తెచ్చి అడుగు రేకులు ఊడదీశాడు. నల్లదాంట్లో ఏ భాగానికి ఆ భాగం మరలతో బిగించి ఉంది. పాడైనదాన్ని మాత్రం మార్చుకోవచ్చట. రెండోదాంట్లో బ్యాటరీని జిగురుతో అంటించేశారు. కీబోర్డు పోతే పైభాగమంతా మార్చాలట.

టైలరమ్మ మొహం విప్పారింది. "చూశారా పెద్దమ్మా, ఈ నల్లది లోపల గుడ్డ వదిలి కుట్టినట్టుంది. రేపు కావాలంటే విప్పి సరిచేసుకోవచ్చు. ఇదే తీసుకుందాం."

నేను పిల్ల వైపు తిరిగాను. "నీకేం కావాలే?" అని పొడిచాను.

"నల్లదే బావుంది అమ్మమ్మా" అంది, పల్చటిదాని మీంచి చూపు తిప్పకుండా.

"నోరొకటి చెప్తోంది, కళ్ళొకటి చెప్తున్నాయి. ఎవరి మాట వినాలో షాపాయనకి తెలియాలిగా."

అప్పుడు నసిగింది. "నల్లదాంట్లో రంగులు చప్పగా ఉన్నాయమ్మా."

"చప్పగా అంటే నాకు తెలియదు. చూపించు."

టైలరమ్మ సంచిలో గుడ్డముక్కలు ఎప్పుడూ ఉంటాయి. దానిమ్మ రంగుదీ, ఇటుక రంగుదీ తీసింది. పిల్ల వాటిని ఫోనులో ఫొటో తీసి రెండిట్లోకీ ఎక్కించింది. గుమ్మం దగ్గర వెలుతురులో, తెరల పక్కనే ముక్కలు పట్టుకుని చూశాం. పల్చటిదాంట్లో దేని రంగు దానిదే. నల్లదాంట్లో రెండూ ఒక్క తానులోంచి చింపినట్టున్నాయి. టైలరమ్మ తెర తుడిచి మళ్ళీ చూసింది. అదే తీరు.

"మంచి తెర ఉన్న ఆఫీసు రకం కూడా వస్తుందమ్మా. మీరనుకున్న ధరలో రాదు" అన్నాడు షాపాయన.

ఆమె చెయ్యి ఇంకా నల్లదాని మీదే ఉంది. మనసు దాని మీద ఎంత పడిందో నాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి చెయ్యి తీసేసింది.

"నాకు నచ్చింది ఇది. చదివేది నా కూతురు. రంగు తెలియకపోతే దీని చదువేం కావాలి? పల్చటిదే ఇవ్వండి."

"మరి దెబ్బ తగిలితేనో?" అంది పిల్ల. గెలిచిన సంతోషం కన్నా భయమే ఎక్కువుంది దాని గొంతులో.

"ఆ సంగతి నాకొదిలెయ్."

ఇంటికి రాగానే మిషను ముందు కూర్చుంది. దళసరి కోటు గుడ్డ, మధ్యలో దూది, మూలల్లో రెండేసి పొరలు, లోపల దానిమ్మ రంగు లైనింగు. సంచీ పూర్తయ్యాక తిరగేసి కుట్టంతా తడిమి చూసింది. తర్వాత కిటికీలోంచి, "పెద్దమ్మా, మీ అద్దం ఒకసారి ఇస్తారా?" అంది. ఎందుకని అడక్కుండా ఇచ్చాను. అది నా అలవాటు కాదు.

అద్దాన్ని ఆ సంచీలో పెట్టి, కత్తిరింపు బల్ల మీంచి దబ్బున కింద పడేసింది. బయటికి తీస్తే గీత కూడా పడలేదు.

"ఇప్పుడు పెట్టుకో నీ లాప్‌టాపు" అంది కూతురితో.