తక్కెడలో మిగిలిన రాయి

నా చిన్నప్పుడు, కాలువ గట్టు మీద పక్కపక్కనే విడిచి ఉన్న ఒక జత చెప్పులను చూసి మా ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇప్పటికీ ఏ నీటి ఒడ్డున మనిషి లేని చెప్పులు కనిపించినా నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ మనిషి ఎక్కడో ఒకచోట కనిపించేదాకా అక్కడి నుంచి కదలలేను.

అవి పక్కింటి అన్నయ్య చెప్పులు. బెజవాడకు దిగువన, కాలువ వెంట ఉన్న చిన్న ఊరు మాది. ఇది డెబ్బైల నాటి సంగతి. ఇబ్రహీంపట్నంలో కరెంటు కేంద్రం కడుతుంటే అన్నయ్య అక్కడ కొన్నాళ్ళు కూలికి వెళ్ళి, పని అయిపోయాక ఇంటికి వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచి మాట తగ్గించేశాడు. నాతో మాత్రం మాట్లాడేవాడు. బెజవాడ వెళ్ళినప్పుడల్లా గ్రంథాలయం నుంచి తనకొక పుస్తకం, నాకొక పుస్తకం తెచ్చేవాడు. పుస్తకం రుచి నాకు బడిలో తెలియలేదు, అతని వల్లే తెలిసింది.

వానాకాలంలో ఒక పొద్దున గట్టు మీద చెప్పులు కనిపించాయి. మధ్యాహ్నానికి అన్నయ్య దిగువన తూము దగ్గర దొరికాడు.

మా క్రైస్తవుల పేటలో ఒక కట్టుబాటు ఉండేది. తనంతట తాను ప్రాణం తీసుకున్నవాళ్ళను సమాధుల తోటలో పెట్టకూడదు. గోడ అవతల, తుమ్మచెట్ల దగ్గర గొయ్యి తీయాలి. అన్నయ్య వాళ్ళ నాన్న సమాధి తోటలోనే ఉంది. దాని పక్కనే కొడుక్కు చోటు ఇమ్మని వాళ్ళమ్మ, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, పాస్టరు గారి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆవిడ ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది.

పొద్దు వాలేలోగా తేల్చాలని సంఘం పెద్దలు గుళ్ళో చేరారు. వాళ్ళలో మా తాతయ్య ఒకరు. ఆడవాళ్ళు వంటకు ముందు రోజూ తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆదివారం గుడికి తెస్తే, తక్కెడ పట్టి తూచేది ఆయనే. ఆ రోజు ఆయన ఆ తక్కెడను గుళ్ళోని దూలానికి వేలాడదీసి, ప్రహరీ కోసం తెప్పించిన రాళ్ళు ఒక గంపెడు దాని పక్కన పెట్టించారు.

"ఇదేంటండీ, శవాన్ని పెట్టుకొని ఆటలా?" అన్నాడు రైసుమిల్లు పెద్దాయన.

"ఆట కాదండీ. నోటితో అంటే గాలికి పోతుంది. ఎవరి దగ్గర ఏ కారణం ఉంటే దానికో రాయి వెయ్యండి. దూకాడంటే ఎడమ పళ్ళెం. జారాడంటే కుడి పళ్ళెం."

ఎడమ పళ్ళెం చూస్తుండగానే నిండింది. అన్నయ్య ఏడుస్తూ గట్టు మీద నడుస్తున్నాడని ముగ్గురు మూడు రాళ్ళు వేశారు. మీరు చూశారా అని తాతయ్య ఒక్కొక్కరినే అడిగారు. ముగ్గురికీ చెప్పింది ఒక్క పాలవాడే. తాతయ్య రెండు రాళ్ళు తీసేసి ఒకటి ఉంచారు. ఈత వచ్చినవాడు జారి పడితే ఒడ్డుకు రాలేడా అని ఒకరు రాయి ఎత్తారు. "ఈతొచ్చినోడు చావాలనుకుంటే కాలవనే ఎంచుకుంటాడా మావా?" అన్నారు వెనక నుంచి ఎవరో. ఆ రాయి ఎటు వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. తాతయ్య దాన్ని కిటికీలో పెట్టారు.

ఇక చెప్పులు. అవి ఒద్దికగా, పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని మిల్లు పెద్దాయన గట్టి రాయే వేశాడు. తాతయ్య గుమ్మం వైపు చెయ్యి చూపించారు.

"బయట మన చెప్పులు చూడండి. అవీ ఒద్దికగానే ఉన్నాయి. మనమందరం చావడానికే వచ్చామా ఇక్కడికి?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. అన్నయ్య చెప్పులు కనిపించిన చోట కాలువ మీద ఉన్నది తాటిదుంగల వంతెన. వానకు పాచి పట్టి జారుతుంటుంది. ఊళ్ళో ఎవరైనా చెప్పులు ఇవతలే విడిచి దాటేవాళ్ళు. రోజూ చేసే పనే గాని, ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు. మిల్లు పెద్దాయనే వచ్చి తన రాయి తను తీసుకున్నాడు.

అప్పుడు తాతయ్య, గుమ్మం పక్కన పెద్దమ్మ దగ్గర కూర్చున్న నన్ను పిలిచి, నిన్న అన్నయ్య ఏమన్నాడో చెప్పమన్నారు. పుస్తకం ఇచ్చి, "చదివి ఉంచు, ఆదివారం నేనే వచ్చి తీసుకుంటా" అన్నాడని చెప్పాను. పిల్ల మాట కదా అని ఎవరో గొణిగారు. తాతయ్య వినిపించుకోకుండా పెద్ద రాయే తీసి నా చేతికిచ్చారు. నేను వేయగానే కుడి పళ్ళెం కిందికి దిగింది. పెద్దమ్మ తలెత్తి నా వైపు చూసింది.

అంతటితో ముగించి ఉండవచ్చు. కానీ తాతయ్య గంపలోకి వంగి, అడుగున ఉన్న అన్నిటికన్నా పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తారు.

"పోయిన వారం వాడు నా దగ్గరికొచ్చాడు. బతకాలని లేదు తాతా అన్నాడు. ప్రార్థన చేసుకో, అదే పోతుందని పంపించేశాను."

ఆ రాయిని ఎడమ పళ్ళెంలో పెట్టారు. తక్కెడ ఒక్కసారిగా అటు ఒరిగి, గొలుసు కిర్రుమంది.

"మరైతే అటే మొగ్గింది కదండీ?" అన్నాడు మిల్లు పెద్దాయన. ఈసారి గొంతులో గెలుపు లేదు.

"మొగ్గిందండీ. బియ్యమైతే అంతటితో సరి. ఇది మనిషి. లోపల పెట్టి మనం పొరపాటు పడితే దేవుడు అడుగుతాడు. చెప్పుకుందాం. బయట పెట్టి పొరపాటు పడితే ఈవిడ అడుగుతుంది. ఏం చెబుతారు? ఒక తల్లికి నీ కొడుక్కు లోపల చోటు లేదని చెప్పడానికి ఈ బరువు చాలదంటాను."

పాస్టరు గారు లేచి నిలబడ్డారు. పొద్దు వాలకముందే అన్నయ్యను తోటలో, వాళ్ళ నాన్న పక్కన పెట్టారు.

తిరిగి వస్తుంటే తాతయ్య చెయ్యి పట్టుకొని, "అయితే అన్నయ్య కాలు జారే పడ్డాడు కదా తాతయ్యా?" అని అడిగాను. అవునంటారనుకున్నాను. అవునంటే నేను నిద్రపోగలిగేదాన్ని.

"లోపల పెట్టామమ్మా. జారాడని నేను అనలేదు."

ఆ పెద్ద రాయిని ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. చివరిదాకా ఆయన మంచం పక్కన కిటికీలోనే ఉండేది. ఎవరైనా దిగులుగా వచ్చి కూర్చుంటే, వాళ్ళు లేచేదాకా తాతయ్య లేచేవారు కాదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. పెళ్ళయి బెజవాడలో పటమట వచ్చాక గ్రంథాలయమే నాకు కాలేజీ అయింది. అక్కడే తర్కం మీద పుస్తకాలు పట్టుదలగా చదివాను. కొన్ని వాదనలు గొలుసులాంటివట, ఒక్క లంకె తెగినా మొత్తం పోతుంది. కొన్నిటిలో కారణాలు శవపెట్టె మోసేవాళ్ళలా ఉంటాయని నాకు అర్థమైంది. ఒకరు తప్పుకున్నా మిగిలినవాళ్ళు మోస్తారు. ఎంతమంది చెప్పారన్నది కాదు, ఎన్నిచోట్ల నుంచి వచ్చిందన్నది లెక్క. తేలిక విషయానికి చాలిన బరువు పెద్ద విషయానికి చాలదు. ఇవన్నీ చదువుతుంటే తక్కెడ గొలుసు కిర్రుమన్న చప్పుడే వినిపించేది. ఒక్క సంగతి మాత్రం నాకు పుస్తకాల్లో దొరకలేదు. తీర్పు అయిపోయాక ఓడిన వైపు రాళ్ళను ఏం చేయాలి?

ఆ రాయి ఇప్పుడు నా పుస్తకాల బీరువాలో ఉంది. దాని పక్కనే అన్నయ్య ఇచ్చిన పుస్తకం. గ్రంథాలయంలో దాని ఖరీదు ఎప్పుడో కట్టేశాను గాని, పుస్తకం తిరిగి ఇవ్వలేకపోయాను. వచ్చి తీసుకుంటానన్న మనిషి మాట అది. ఇంట్లో ఏ విషయమైనా తేల్చేశాక బీరువా తలుపు తీసి ఆ రాయిని ఒకసారి ముట్టుకుంటాను. ఆదివారం పొద్దున గుమ్మం దగ్గర ఎవరైనా చెప్పులు విడిచిన చప్పుడైతే, ఎవరో చూసేదాకా ఆ బీరువా తలుపు మూయను.