గోడవార తంగేడు

లోకేశ్వరి చిత్తూరు బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. ఊరి చివర ఆమె ఇంట్లో బోరు ఎండిపోయిన ఏడాది మల్లె, గులాబీ అన్నీ మాడిపోయాయి. గుమ్మడి తీగ మిగిలినా, దాని పిందె నిలిచేది కాదు. పూల మీద వాలే తేనెటీగే ఆ వీధిలో లేదు. అప్పుడామె గుట్ట కింది నుంచి తంగేడు గింజలు తెచ్చి గోడవార వేసింది. మొదటి వేసవిలో చెంబుతో నీళ్లు పోసింది. తర్వాత అదే బతికింది. రెండేళ్లకు గోడంతా పసుపు, పొద్దున్నే తుమ్మెదల, తేనెటీగల రొద.

కార్తీక మాసంలో ఒక ఉదయం పక్కింటి పంకజాక్షి ఆ గోడ మీద ఆరేసిన దుప్పటి తీస్తూ కేక పెట్టింది. లోకేశ్వరి పరుగెత్తుకెళ్లేసరికి ఆమె మెట్ల మీద కూలబడి ఉంది. మెడ మీద కుట్టింది ఒక్క తేనెటీగే. కానీ పెదవులు ఉబ్బిపోతున్నాయి.

"గొంతు పట్టేస్తా ఉండాదక్కా."

భర్త సుకుమార్ కోర్టులో గుమాస్తా, ఫోనెత్తలేదు. లోకేశ్వరి రోడ్డుకు అడ్డం నిలబడి ఆటో ఆపింది. దారిలో రైలు గేటు పడి ఉంది. పంకజాక్షి ఊపిరి ఈల వేస్తోంది.

"వెనక్కి తిప్పప్పా, వంతెన కింద నుంచి పో," అని లోకేశ్వరి డ్రైవరుకు చెప్పి, పంకజాక్షి చెంపలు పట్టుకుంది. "కండ్లు మూయొద్దు. నా మొకం సూడు."

ఆసుపత్రిలో ఇంజెక్షను పడ్డాక గానీ ఊపిరి దారికి రాలేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

సాయంత్రం సుకుమార్ కొడవలితో వచ్చాడు.

"నా పెండ్లాం సచ్చిపోయుండును. ఈ చెట్టుంటే నేనీడ ఉండలేను."

ఆ ఈగ తంగేడు మీదికి వచ్చిందో, దారిన పోయేదో ఎవరికి తెలుసు? ఆ మాట లోకేశ్వరి నోటిదాకా వచ్చి ఆగింది.

"కొడవలి ఇట్లియ్యి. పెట్టింది నేను, తీసేదీ నేనే."

కొమ్మలు పడుతుంటే తేనెటీగలు ఖాళీ గాలిలో తిరిగాయి.

వానలకు మోడు మళ్లీ చిగురు వేసింది. లోకేశ్వరి వెళ్లి పంకజాక్షిని అడిగింది. "ఏం చేయమంటావు?"

పంకజాక్షి గోడ వైపు చూసింది. "గోడ కాడుంటే నాకు భయమక్కా. ఇంటెనక ఆ మూల వేసుకో, ఏమీ అనను. డాక్టరిచ్చిన సూదిమందు ఇంట్లోనే పెట్టుకున్నా."

వేరు తవ్వడానికి సుకుమారే గడ్డపార తెచ్చాడు. అది చాలా లోతుకు దిగి ఉంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా తవ్వారు. వెనక మూలలో ఆమె కొత్తగా వేసిన గింజలు మొలిచి, ఇప్పుడు మోకాలెత్తు మొక్కలయ్యాయి. ఇంకా పూయలేదు.