నాయనమ్మకు రాని దగ్గు

ఆ రోజుల్లో సినిమాల్లో వయసు మళ్ళినవాళ్ళకు ఒకటే ఉద్యోగం ఉండేది, దగ్గడం. తల నెరిసి తెల్లచీర కట్టిందంటే ఇక ఆవిడ మంచం దిగేది కాదు. ఇంటర్వెల్ దాకా దగ్గేది, ఇంటర్వెల్ తర్వాత గుండె పట్టుకునేది, చివరికి హీరోయిన్ చెయ్యి హీరో చేతిలో పెట్టి తల పక్కకు వాల్చేసేది. (హీరో వేషం వేసినాయన్నీ, ఆయన తల్లి వేషం వేసినావిడనీ పక్కపక్కన నిలబెడితే ఎవరు ఎవరిని కన్నారో తేలేది కాదు, అది వేరే సంగతి.) టేకులపల్లి దగ్గర మా ఊరికి ఎండాకాలంలో డేరా టాకీసు వచ్చేది. నేల టికెట్ తీసుకుని ఇవన్నీ నోరు తెరుచుకుని చూసి, ముసలితనమంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని. అట్లా అనుకోవడానికి నాకు సిగ్గుండాలి, ఎందుకంటే నా పక్కనే చుట్ట కాలుస్తూ కూర్చున్న మనిషి మా నాయనమ్మ.

మా నాయనమ్మ ఎండాకాలమంతా తెల్లారకముందే అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు కోసేది. కట్టలు కట్టి, మూట నెత్తికెత్తుకుని, ఆకు కొనే కల్లం దాకా నడిచేది. కల్లం గుమాస్తా ఆమెను చూడగానే లేచి నిలబడేవాడు (గౌరవంతో కాదు, భయంతో). తాత పోయి ఎన్నేళ్ళయినా ఎర్రంచు చీర మానలేదు. తెర మీద ముసలమ్మ దగ్గుతుంటే ఈమె డేరా అంతా వినబడేలా, "ఏం తినదా ఏంది ఇది, జర గంజన్న తాగొద్దా" అనేది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళకూ నాలుగు పడేవి.

అట్లాంటి రోజుల్లో నాకు కొత్తగూడెంలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాన్న ససేమిరా అన్నాడు. "పెండ్లి గాని పిల్ల ఒక్కతె కిరాయి రూంల ఉంటదా? ఊరోళ్ళు నన్నేమంటరు?" అని ఒకటే పాట. (ఊరివాళ్ళు ఆయన్ని అప్పటికే చాలా అంటున్నారు, ఆయన దాకా రాలేదంతే.) నాయనమ్మ నా పక్షమే. "పోనియ్‌రా పెద్దోడా, కష్టపడి సదువుకున్నది" అని నెమ్మదిగానే చెప్పింది. "అమ్మా, నీకు తెల్వదు, ఊకో" అని నాన్న కండువా దులుపుకుని పొలానికి పోయాడు. గుమాస్తాను నిలబెట్టిన మనిషి మాట ఇంట్లో అంతే చెల్లింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఆలోచన కూడా వచ్చింది. సినిమాల్లో తల్లి బాగున్నన్నాళ్ళూ ఎవరూ వినరు, మంచమెక్కితే మాత్రం కాదనేవాడు లేడు కదా.

"నాయనమ్మా, నువ్వు గుండె పట్టుకుని పడిపోవాలె" అన్నాను.

"పడిపోయి?"

"నన్ను నౌకరీకి పంపుడే నీ ఆఖరి కోరికని చెప్పాలె. నాన్న ఏడ్సుకుంట సరే అంటడు."

నాయనమ్మ చుట్ట ఆర్పి ఆలోచించింది. "మల్ల లేవొచ్చా?" అంది.

"మెల్లగ లేవొచ్చు."

"అయితే జల్ది కానియ్. గొడ్లకు కుడితి పెట్టాలె."

రిహార్సల్ మొదలుపెట్టాం. నా నోటితో చెప్పకూడదు గానీ అంత అన్యాయమైన నటి పుట్టి ఉండదు. జీవితమంతా చుట్ట కాల్చిన మనిషికి దగ్గు రాదు. బలవంతాన తెప్పిస్తే పొలంలో పడ్డ ఎద్దును అదిలించినట్టు వచ్చింది. వణకమంటే, "ఎందుకొణుకుతరు, సలా?" అంది. తెల్లచీర మాట ఎత్తితే ఆమె చూసిన చూపుకు నేనే వణికాను. పగటిపూట మంచమెక్కే అలవాటు లేదేమో, చావు ప్రాక్టీసు చేయమని పడుకోబెడితే గురకపెట్టి నిద్రపోయింది.

ఆదివారం సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నాయనమ్మ వాకిట్లో మంచం మీద దబ్బున పడింది. "నాయనమ్మకు గుండె పట్టింది" అని నేను సినిమాలో లాగే పెడబొబ్బ పెట్టాను. ఇప్పుడు నాన్న మంచం పక్కన కూలబడి తల్లి చెయ్యి పట్టుకోవాలి. కానీ మా నాన్న సినిమాలు చూడడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన తడి కాళ్ళతోనే వాతల తాత ఇంటికి ఉరికాడు. మా వైపు కడుపు నొచ్చినా, కళ్ళు తిరిగినా దవాఖానా కంటే ముందు ఆయనే. కొడవలి కొస పొయ్యిలో ఎర్రగా కాల్చి, నొప్పి ఉన్నచోట వాత పెడతాడు.

వాతల తాత వచ్చాడు. అమ్మ పొయ్యి ఊదింది. కొడవలి నిప్పుల్లోకి పోయింది. నాకు చెమటలు పట్టాయి. నాయనమ్మ మాత్రం కళ్ళు మూసుకుని తన డైలాగు తను మొదలుపెట్టింది. "పెద్దోడా, నా ఆఖరి కోరిక..."

"అది తర్వాత చెప్పు అమ్మా, ముందు వాత పడనియ్" అన్నాడు నాన్న.

తాత ఎర్రటి కొడవలి పట్టుకుని వంగి, "యాడ నొస్తుంది అక్కా?" అన్నాడు. నాయనమ్మ ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత ఆమె మంచం మీద లేదు, గొడ్ల కొట్టం దగ్గర ఉంది. మధ్యలో ఎప్పుడు నడిచిందో నేను చూడలేదు. తాత కొడవలి వంక తృప్తిగా చూసుకుని, "సూసిన్రా, ఇంక పెట్టనే లేదు, గుణమిచ్చింది" అన్నాడు.

నాన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు. అర్థమైపోయింది. నా మీదికి గొంతు లేపబోయాడు. నాయనమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"దాన్నేందిరా అంటవు, నన్నను. మొన్న మంచిగుండి చెప్పిన, నీకు తెల్వదు ఊకో అన్నవ్. గిప్పుడు సస్తున్ననంటే తడి కాళ్ళతోని ఉరికినవ్. సచ్చేదాని మాటకున్న ఇలువ బతికున్నదాని మాటకు లేదా? నేనిప్పట్ల సావ పెద్దోడా. ఇంక శానేండ్లుంట. గన్నేండ్లు గిట్లనే ఊకోమంటవా?"

నాన్న ఆమె ఖాళీ చేసిన మంచం మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు, కాళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ మొహమే తుడుచుకున్నాడు. చివరికి నా వంక చూడకుండా, "పొద్దుగాల బస్సు ఎన్నింటికి?" అన్నాడు. నాయనమ్మ ఏమీ జరగనట్టు తాతకు ఒక చుట్ట ఇచ్చి, తనొకటి ఆ కొడవలికే అంటించుకుని, గొడ్లకు కుడితి పెట్టడానికి పోయింది.

ఆ ఉద్యోగంలో చేరినదాన్ని రిటైరయి కూడా చాలా కాలమైంది. ఇప్పుడు నాకు ఆనాటి నాయనమ్మ వయసు. సినిమాల్లో నా ఈడువాళ్ళు ఇంకా దగ్గుతూనే ఉన్నారు, కాకపోతే చక్రాల కుర్చీ వచ్చింది. మొన్న మా అమ్మాయితో, భద్రాచలానికి బస్సెక్కి ఒక్కదాన్నే పోయొస్తానన్నాను. "నీకు తెలీదు, ఊరుకో అమ్మా" అంది. గదిలోకి పోయి, తలుపు వేసుకుని, గుండె మీద చెయ్యి పెట్టి ఒకసారి దగ్గి చూశాను. అచ్చం ఎద్దును అదిలించినట్టే వచ్చింది. అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వాను, నాయనమ్మ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. తుడుచుకుని బయటికొచ్చి, మంచిగున్న గొంతుతోనే మళ్ళీ చెప్పాను.