అన్న అడిగిన మాత్రలు

నేను చేసే పని నీళ్లు పరీక్షించడం. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్న రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకొని మా ల్యాబ్‌కు వస్తారు. ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత అని చూసి కాగితం మీద రాసిస్తాను. నాకు యాభై రెండేళ్లున్నప్పుడు, నడివేసవిలో, మూత్రానికి వెళ్తే మంట మొదలైంది. మొదట్లో చివరి చుక్కల దగ్గర సూది గుచ్చినట్టుండేది. నాలుగు రోజులకు మొదటి చుక్క నుంచే చురుక్కుమనేది.

ఎండలకు వేడి చేసిందనుకున్నాను. నా భార్య సబ్జా గింజలు నానబెట్టింది, బార్లీ నీళ్లు కాచింది. వేడి అని మాత్రమే ఆమెకు చెప్పాను, మంట ఎక్కడో చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగితే రెండు రోజులకు మాత్రలిచ్చారు. తగ్గింది. తగ్గిన మూడో రోజు చలితో జ్వరం వచ్చింది. ఇక దాచలేక నా భార్యకు అంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. చీర మార్చుకొని వచ్చి, నెల్లూరు బస్సెక్కించింది.

డాక్టరు ఆడమనిషి అని లోపలికి వెళ్లాక తెలిసింది. తల వంచుకొని కూర్చుంటే ఆమే అడగడం మొదలుపెట్టారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ధార సన్నబడిందా? రక్తం కనబడిందా? నడుము పక్కన నొప్పి ఉందా? షుగరు ఉందా? రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారు? చెబుతూ చెబుతూ సిగ్గు సంగతి మర్చిపోయాను. ఒక్కో ప్రశ్న వెనక ఆమె దేన్ని వెతుకుతున్నారా అన్న ఆలోచనే మిగిలింది. భార్యతో కాక వేరే ఎవరితోనైనా సంబంధం ఉందా అని అడిగినప్పుడు మాత్రం మొహం వేడెక్కింది.

“అందర్నీ అడుగుతానండీ. అలా అంటుకునే జబ్బుల్లో కూడా ఇదే మంట ఉంటుంది,” అన్నారామె.

లేదని చెప్పి, ఇంకా ఏమేం ఉండొచ్చని అడిగాను. మూత్రంలో ఇన్ఫెక్షన్, రాయి, మగవాళ్లకు వయసుతో పెరిగే ప్రోస్టేట్ గ్రంథి, అది వాయడం, ఇలా చాలా ఉన్నాయనీ, చూడకుండా ఏదీ చెప్పలేననీ అన్నారు. గుంటలో రొయ్య పైకి తేలిందంటే పది కారణాలుంటాయని, నీళ్లు చూడకుండా మందు చల్లొద్దని నేను రైతులకు రోజూ చెప్పే మాటే అది. అలాంటి నేను పేరైనా చదవకుండా మాత్రలు మింగాను.

ఆ రోజు సీసా పట్టుకొని నిలబడటం నా వంతయింది. ఇన్ఫెక్షన్ ఉందన్నారు. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలడానికి మూడు రోజులు పట్టింది. స్కానింగులో ప్రోస్టేట్ కొంచెం పెరిగి ఉంది, అందువల్ల మూత్రం పూర్తిగా బయటికి రాక కొంత నిలిచిపోతోందట. మంట తగ్గినా మాత్రలు చివరిదాకా వాడాలని గట్టిగా చెప్పారు. వాడాను. పూర్తిగా తగ్గింది.

మైపాడులో మా అన్న ఉంటాడు, సముద్రం మీదికి పడవ తీసుకొని పోతాడు. నాకు తగ్గాక వచ్చిన ఆదివారం వెళ్లి, వల బాగుచేసుకుంటున్న అతని పక్కన కూర్చొని జరిగిందంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండా విన్నాడు. అంతా అయ్యాక మెల్లగా అడిగాడు.

“ఆ మాత్రలు ఏమన్నా మిగిల్నాయా?”

“ఎందుకన్నా?”

“నాకూ అట్నే ఉండాది. నాలుగు నెల్లయింది. ఎర్రగా కూడా పొయ్యింది ఒకసారి.”

నాలుగు నెలలుగా వదినకు కూడా చెప్పలేదట. పడవ మీద మంచినీళ్లు తక్కువ తాగితే మాటిమాటికీ లేవాల్సిన పని ఉండదని, అసలు తాగడమే మానేశాడట.

“మిగిలినా ఇయ్యనన్నా. నాది వేరే, నీది వేరే అయ్యుండచ్చు. రేపు పోదాం రా,” అన్నాను.

మర్నాడు అదే డాక్టరు దగ్గర, అవే ప్రశ్నలు. అన్న జవాబులు వేరు. కుడిపక్క నడుములో పుట్టి గజ్జల్లోకి దిగే నొప్పి గురించి అప్పుడే మొదటిసారి విన్నాను. స్కానింగులో కిడ్నీ నుంచి కిందికి వచ్చే గొట్టం చివర చిన్న రాయి కనిపించింది. దానంతటదే పడిపోయే సైజేనని మందులు రాసి, నీళ్లు బాగా తాగమని, మూత్రాన్ని జాలీలో వడగట్టి చూసుకోమని, జ్వరమొచ్చినా మూత్రం ఆగినా వెంటనే రమ్మని చెప్పారు.

పన్నెండో రోజు అన్న మా ల్యాబ్‌కు వచ్చాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నువ్వుగింజకన్నా కాస్త పెద్దది, గోధుమరంగు రాయి. భూతద్దం కింద పెడితే ఒళ్లంతా ముళ్లే.

“ఇంతదా నన్ను ఏడిపించింది,” అని చాలాసేపు చూశాడు. ఇది దేంతో తయారయ్యిందని అడిగాడు. నాకు తెలీదని, డాక్టరు పరీక్షకు పంపిస్తే చెబుతారని అన్నాను. నేనూ వస్తానంటే వద్దన్నాడు. పొట్లం మళ్లీ జేబులో పెట్టుకొని, తనే నెల్లూరు ఆటో ఎక్కాడు.