రైలు లెక్కలో పడవ

పెన్‌డ్రైవు మెడలో వేసుకుని తిరగడం ఒక హోదా అనుకున్న కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. ఆ రోజుల్లో నేను నరసన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. కళింగపట్నంలో మా నాన్న వల బాగుచేసుకుంటూ "మావోడు మేస్టరు" అని ఒడ్డున కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటుంటే, నేను నల్లతాడుకి కట్టిన పెన్‌డ్రైవు చొక్కా మీదికి కనబడేలా వేలాడదీసుకుని బస్సెక్కేవాణ్ణి. (తాడు నాన్న వలలోదే. తెగదని.) అందులో ఏముండేదో చెప్పడం కంటే ఏం లేదో చెప్పడం తేలిక. నా డిగ్రీ సర్టిఫికెట్లు, అక్క వాళ్ల రేషన్ కార్డు, మా వీధిలో సగం మంది ఓటరు కార్డులు, సంబంధాల కోసం తయారుచేసుకున్న బయోడేటా (అందులో నా ఎత్తు అసలు ఎత్తు కంటే కాస్త ఎక్కువ), స్కూలు ప్రశ్నపత్రాలు, అన్నీ ఒకే గంపలో చేపల్లా కలిసి ఉండేవి. ఇంట్లో బీరువాకి తాళం వేశామో లేదో రెండుసార్లు లాగి చూసుకునే మనిషిని. బీరువా మొత్తం మెడలో వేసుకుని బజార్లో తిరుగుతున్నానన్న ఆలోచన మాత్రం ఎన్నడూ రాలేదు.

నరసన్నపేటలోనే, హైవే పక్కన బస్సులు ఆగేచోట మా అక్క భర్తకి జిరాక్సు షాపు ఉండేది. ఇప్పటికీ ఉంది. అప్పట్లో ఒకటే కంప్యూటరు. ప్రింట్ల పని లేనప్పుడు దాన్నే గంట లెక్కన ఇంటర్నెట్టుకి ఇచ్చేవాడు. మా స్కూలు ప్రింటింగు పనంతా ఆ షాపుకి ఇప్పించింది నేనే. (ఈ సంగతి అక్కకి మరుపు రాకుండా చూసుకునేవాణ్ణి. ముఖ్యంగా భోజనాల వేళ.) షాపు అద్దె, ఇంట్లో పొయ్యి రెండూ ఆ పని మీదే నడిచేవని మా అందరికీ తెలుసు.

ఆ ఏడు పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షకి లెక్కల పేపరు తయారుచేశాను. అందులో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. ఒక పడవ కళింగపట్నం నుంచి భావనపాడుకి గాలికి ఎదురెళ్లి, గాలివాటున తిరిగి వస్తుంది. పడవ వేగమెంత? మా కరస్పాండెంటు గారు పేపరు చదివి కళ్లద్దాలు తీశారు. "పడవేటి మేస్టారూ! మనది ఇంగ్లీషు మీడియం. పిల్లల్ని సముద్రంలోకి తోస్తారేటి? రైలు పెట్టండి" అన్నారు. రైలు పెట్టాను. అంకెలు కూడా మార్చాను. కానీ పడవ లెక్కని చెరపడానికి మనసొప్పక, పాత పేపరుని పెన్‌డ్రైవులో అలాగే ఉంచి, కొత్తదాన్ని పక్కన వేరే పేరుతో దాచాను.

సాయంత్రం బావ షాపుకి వెళ్లాను. పెన్‌డ్రైవు పెడితే కంప్యూటరు చాలాసేపు ఆలోచిస్తూ కూర్చుంది. అవతల నా బస్సు వేళవుతోంది.

"ఏ పైలు కావాలో సెప్పరా, అదొక్కటే తీసుకుంతాను" అన్నాడు బావ.

"వెతకడానికి టైము లేదు బావా. మొత్తం నీ దాన్లో ఏసీసుకో. కొత్త పేపరని రాసుంటాది, అది తియ్యి."

అతను మొత్తం వేసుకున్నాడు. కొత్త పేపరు తెరిచి, కాపీలు తీసి, కట్ట కట్టి ఇచ్చేసరికి బస్సు వచ్చి హారన్ కొడుతోంది.

"పనైపోనాది గదా. నీ సరుకంతా దీన్లోంచి తీసియ్యనా?"

"ఉండనీ బావా. మళ్లీ అవసరమైతే పోన్ సేస్తాను, నువ్వే ప్రింటు తీసీవచ్చు" అని పరుగెత్తుకెళ్లి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించినట్టు కూడా గుర్తు.

పరీక్ష అయింది. పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. మొదటి కుర్రాడు రైలు లెక్కకి జవాబు రాసి, చివర ఇంగ్లీషులో "కావున పడవ గాలివాటున కళింగపట్నం చేరును" అన్నాడు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. రెండోవాడి రైలు కూడా సముద్రంలోకే దిగింది. క్లాసులో అందరికంటే వెనక కూర్చుని, సున్నా తప్ప మరో అంకెతో పరిచయం లేని పిల్లాడు సైతం తెరచాప బొమ్మ వేసి మరీ పడవని ఒడ్డుకి చేర్చాడు. ఒక్కడికీ ప్రశ్న చదవాలన్న ఆలోచన రాలేదు. నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే చెయ్యి మెడలోని పెన్‌డ్రైవు మీదికి పోయింది.

పిల్లల్ని గదిమితే నిజం బయటికొచ్చింది. వాళ్లలో ఒకడు ఇంటర్నెట్టు కోసం బావ షాపులో కూర్చున్నాడు. ఎదురుగా తెర మీద 'బామ్మర్ది పెన్‌డ్రైవు' అని బావ పెట్టిన ఫోల్డరు కనబడింది. ఆ బామ్మర్ది ఎవరో క్లాసంతటికీ తెలుసు. లోపల రెండు పేపర్లుంటే, పైన కనబడిన పాతదాన్ని తీసి, కూర్చుని చేత్తో రాసుకున్నాడు. (వాడు తన ఇష్టంతో నోట్సు రాయడం అదే మొదటిసారి. నా బయోడేటా కూడా చదివాడని, తర్వాత కొన్నాళ్లపాటు క్లాసు మొత్తం నన్ను తల నుంచి కాళ్లదాకా కొలిచినట్టు చూస్తుంటే అర్థమైంది.)

సంగతి చెవినపడి కరస్పాండెంటు గారు బావని పిలిపించారు. కుర్రాడు ఊరికే చూసి రాసుకున్నాడంటే ఆయన నమ్మలేదు. పేపరు షాపులోనే దొరికింది కనుక షాపువాడే అమ్ముకున్నాడన్నది ఆయన తీర్పు. అది తప్పని ఆ గదిలో నాకు తెలుసు. అమ్మేవాడైతే అచ్చేసిన రైలు పేపరు అమ్ముతాడు గానీ, ఎవరికీ పనికిరాని పడవ పేపరు ఎందుకు అమ్ముతాడు?

"నాను అమ్మలేదండి. పైలు నా కంప్యూటర్లో ఉన్నమాట నిజివే" అన్నాడు బావ.

"ఎందుకుంచావు?"

బావ నా వైపు చూశాడు. నేను బల్ల మీదున్న గ్లోబు వైపు చూశాను. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక సంబంధం మాటల్లో ఉంది. గ్లోబు మీద బంగాళాఖాతం చాలా ప్రశాంతంగా ఉంది.

"ఉండిపోనాదండి" అన్నాడు బావ.

స్కూలు పని పోయింది. ఆ వెనకే షాపు పేరూ పోయింది. "నా పట్టా కాయితం జిరాక్సు తియ్యి గానీ, అమ్మీకు బాబూ" అని రైతులు వేళాకోళం ఆడేవారు. కొన్నాళ్లకి ఆ వేళాకోళం ఆడేవాళ్లు కూడా రావడం మానేశారు. అక్క నన్నేమీ అనలేదు. భోజనాల వేళ నేనూ ఏమీ గుర్తుచేయలేదు. నా ఉద్యోగం ఖాయమైంది, పెళ్లీ అయింది.

బావ షాపు మళ్లీ నిలదొక్కుకోడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు అక్కడ గోడ మీద, కావలసిన ఫైలు ఒక్కటే తెచ్చుకోమని రాసి ఉంటుంది. పని కాగానే తెరని మనిషి వైపు తిప్పి, ఫైలు తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీచేసి "సూసుకో, పోనాది" అంటాడు. పట్టాకాయితాల వాళ్లు నరసన్నపేటలో వేరే షాపు గుమ్మం ఎక్కరు. తప్పు బావది కాదని ఊరికి నేను చెప్పాలి. అందుకే ఇదంతా రాశాను.

ఇంతవరకు రాసి, పెన్‌డ్రైవులో ఇదొక్కటే వేసుకుని, నిన్న బావ దగ్గరికి ప్రింటుకి వెళ్లాను. (ఈ చివరి ముక్క తర్వాత చేర్చింది.) మిషన్లోంచి వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే నిలబడి చదివాడు. తెరచాప బొమ్మ దగ్గర పడీపడీ నవ్వాడు. గ్లోబు దగ్గర నవ్వు ఆపాడు.

"పడవ సంగతి నాకప్పుడే తెలుసురా. నువ్వు తియ్యమన్నది రైలు గదా, బయటికి పోనాది పడవ."

"మరి సెప్పలేదేటి బావా?"

"సెప్తే నీ ఉద్యోగం పోతాది. మీ అక్క నాకు కూడెడతాదేటి?" అని కాగితాలు సర్దాడు. "అదంతా ఎప్పుడో మర్సిపోనాను గానీ, ఆ తర్వాత నువ్వు ఎదర షాపుకెళ్లి ప్రింట్లు తీయించుకున్నావు సూడు. నాను ఈ కుర్సీలోంచి సూసినాను. నువ్వే నమ్మనోణ్ని ఊరెలా నమ్ముతాదిరా?"

అది నాకు గుర్తే లేదు. ఇంత రాసినవాణ్ణి, అది రాయలేదు.

బావ అలవాటుగా తెర నా వైపు తిప్పాడు. "పనైపోనాది. తీసియ్యనా?"

"ఉండనీ బావా. అందరికీ కనబడేలా పైనే ఉంచు."

"ఎత్తు సంగతి కూడా రాసీసినావు, మీ ఆవిడ సూస్తాదేమో."

"సూడనీ."

బయటికొచ్చేసరికి కళింగపట్నం బస్సు ఆగి ఉంది. మెడలో నల్లతాడుతో, లేని ఎత్తుతో ఓ కుర్రాడు దాంట్లోంచి దిగుతాడేమోనని కాసేపు చూశాను. దిగితే, ఒరే, బస్సు పోతే మరోటి వస్తాది, ఆ బావ అడిగినదానికి నిదానంగా జవాబు చెప్పి రా అందామని.