పదిహేడో గాలిమర

గురుమూర్తి సార్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన కంప్యూటర్ తెరతో మాట్లాడుతున్నాడు. "ఏం తల్లీ, ఈ పొద్దు ఒళ్ళు బద్ధకమా?" అంటున్నాడు. పిచ్చాయన అనుకున్నాను. మా ఆఫీసు బెంగళూరు కుందలహళ్ళిలో నాలుగో అంతస్తు. అక్కడ కూర్చుని చిత్రదుర్గం గుట్టల మీద తిరిగే నలభై గాలిమరలు ఎంత కరెంటు ఇస్తున్నాయో చూడటం మా పని. నాకు అవి అంకెలు. వాటిలో సగానికి బోల్టులు బిగించింది ఆయనే.

వాళ్ళది బెంగళూరులోనే చిక్కపేటలో మూడు తరాలుగా తాళ్ళు, కప్పీలు అమ్మిన తెలుగు కుటుంబం. కొట్లో కూర్చోమంటే కూర్చోక, పెళ్ళైన ఆర్నెల్లకే భార్య నేత్రావతమ్మను వెంటబెట్టుకుని చిత్రదుర్గం పోయి, మరలు నిలబెట్టే పనిలో చేరాడు. పదిహేనేళ్ళు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగాక కంపెనీ ఆయన్ని బెంగళూరుకు మార్చింది. పిల్లల్లేరు. ఏడాదిన్నర కింద ఆవిడ కూడా పోయింది.

పదిహేడో మర చివరి గుట్ట మీద ఒంటరిగా ఉంటుంది. ఆయన మొదట నిలబెట్టింది అదే. మర నెత్తిన గాలి వేగాన్ని కొలిచే చిన్న పరికరం ఒకటి ఉంటుంది, మూడు గిన్నెలు గిరగిరా తిరుగుతాయి. ఆ రోజు దాన్ని పైకి పంపేముందు నేత్రావతమ్మ దాని కాడకు పసుపుదారం కట్టింది. మిగతా మరల మీద ఆ పరికరాన్ని రెండేళ్ళకోసారి మారుస్తారు. పదిహేడు మీద మాత్రం ఈయన మార్చనివ్వలేదు. ఏటా ఆయుధపూజకు ముందు తనే ఎక్కి, తుడిచి, నూనె వేసి, తనిఖీ కాగితంలో "బాగుంది" అని రాసేవాడు. తను ఎక్కలేకపోయాక, ఎక్కేవాళ్ళకు ఫోన్ చేసి మరీ అలాగే రాయించేవాడు.

ఇరవై ఏళ్ళ ఆయుష్షని రాసి నిలబెట్టిన మర అది. ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. ఇప్పుడు అవీ తీరిపోతున్నాయి. ఉంచాలా, దించి తుక్కు చెయ్యాలా తేల్చే రిపోర్టు నా నెత్తిన పడింది.

"స్పందనా, పదిహేడుకి ఏమీ కాలేదమ్మా. లెక్క నువ్వే సూడు," అన్నాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి. "ఆమె పోయినాక నాకు మిగిలిండేది అదొక్కటే. సుమ్నే, ఊరికూరికే, దాన్ని దించనీయొద్దు."

గాలిమర ముసలిదవడమంటే ఒక్కసారిగా ఆగిపోవడం కాదు. రెక్కల అంచులు దుమ్ముకీ వానకీ గరుకెక్కుతాయి, లోపల బేరింగులు అరుగుతాయి, అదే గాలికి ఏటా కాస్త తక్కువ కరెంటు వస్తుంది. లెక్క చూస్తే మిగతావన్నీ అలాగే తగ్గాయి. పదిహేడు మాత్రం తగ్గలేదు. యూనిట్లు పడిపోయిన మాట నిజమే కానీ అక్కడ గాలే తగ్గిందని పరికరం చెబుతోంది. వచ్చిన గాలికి ఇవ్వాల్సినంతా ఇస్తోంది. నాకు ఎంత సంతోషమేసిందో! ఉంచవచ్చని సగం రిపోర్టు రాసేశాను కూడా.

అప్పుడు తట్టింది. గుట్ట అదే, చుట్టూ కొత్తగా కట్టిందేమీ లేదు, గాలి ఎందుకు తగ్గుతుంది? పరికరం వయసు తీసి చూస్తే మర వయసే దానికీ. నాకు ఒళ్ళు మండిపోయింది, ముందు ఆయన మీద, తర్వాత మూడేళ్ళుగా తెర మీద ఆ గాలి గీతను చూస్తూ కూర్చున్న నా మీద. ఆయనకు చెప్పకుండా కొత్తది పెట్టించాను. నెల తిరక్కుండానే తెలిసిపోయింది. గాలి ఎప్పటిలాగే వీస్తోంది. మరలో నాలుగో వంతు సత్తువ లేదు. పాతదాని బేరింగు ఏటా కొంచెం కొంచెం బిగుసుకుపోతూ వచ్చింది. మర నీరసించిన కొద్దీ అదీ నీరసించి గాలిని తక్కువ చేసి చూపింది, అందుకే తేడా కనబడలేదు.

పాత పరికరాన్ని తెప్పించి ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. దారం ఎప్పుడో రాలిపోయింది. గిన్నెను వేలితో తిప్పాడు. అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"పొద్దున్నే ఇద్దరం పార్కులో మూడు సుట్లు నడస్తా ఉంటిమి," అన్నాడు. "నా మోకాళ్ళకి నేను నిదానమే. ఆమె నా పక్కనే వస్తా ఉండె. సూసినావా, నాతో సమానంగా నడస్తాదని అందరికీ చెప్పుకుంటా ఉంటిని."

గిన్నెను ఇంకోసారి తిప్పాడు.

"కొత్త మోకాళ్ళు ఏయించుకొని మొదటి దినం నడిచినానమ్మా. ఒక సుట్టు అయినాక తిరిగి సూస్తే పక్కన లేదు. ఎనక ఎక్కడో గట్టు మీద కూసోని ఉండాది, ఎదపైన చెయ్యి పెట్టుకొని. గుండె నాలుగైదేండ్లుగా తగ్గుతా వచ్చిందంట, డాక్టరు చెప్పె. నాలుగు నెలలకి పాయె."

ఆయన ఏడవలేదు. నాకే కన్నీళ్ళు ఆగలేదు. నా కీబోర్డును ఆయనే నా వైపు జరిపాడు.

"దించేయమని రాయి," అన్నాడు. నేను రాస్తుంటే పక్కనే నిలబడి ఉన్నాడు. కింద తన సంతకం చేసేటప్పుడు పెన్ను ఆపి, "ఆయాసంగా ఉండాదా అని ఆమెని ఒక్క దినమైనా అడగలేదమ్మా," అన్నాడు. "ఇద్దరం ఒకేసారి ఇల్లు చేరుతా ఉంటిమి కదా."