ఈత కల్లుతో పొంగిన రొట్టె

గుమ్మడిదల దారిలో పొద్దున్నే వెళ్తుంటే ఈత చెట్టు కింద కల్లు గీసే గౌడన్న కల్లుకుండ, అదే లొట్టి, మూతికి కట్టిన గుడ్డ తీస్తాడు. తెల్లటి నురగ బుసబుసమంటూ పైకొస్తుంది. ఆ పుల్లటి వాసనకు దారిన పోయేవాళ్ళందరికీ కల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం అప్పుడే కాల్చిన రొట్టె గుర్తొచ్చి ఆకలి లేస్తుంది. నవ్వండి, పరవాలేదు. నా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఇప్పటికే బోలెడు నవ్వారు. పటాన్‌చెరులో నాకో చిన్న బేకరీ ఉంది. ఆ లొట్టెడు కల్లు లేకపోతే నా పొయ్యి వెలిగించీ లాభం లేదు. కల్లుతో రొట్టె పొంగుతుందని నాకు చూపించినవాడు అంతోనీ మాస్టర్.

తొంభైల మొదట్లో కాజీపల్లి దగ్గర ఒక పంపుల ఫ్యాక్టరీలో ఆయన క్యాంటీన్ వంట మాస్టర్. గోవా మనిషి. సన్నగా, పొడుగ్గా, ఉల్లిగడ్డలు కోసేటప్పుడు కూడా ఇస్త్రీ చొక్కాతోనే ఉండేవాడు. ఇరవై ఏళ్ళు ఓడల మీద వంట చేసి, భార్యకు హైదరాబాదులో నర్సు ఉద్యోగం దొరికితే ఇటు వచ్చి స్థిరపడ్డాడు. నేను ఇంటర్ ఫెయిలై అక్కడ కూరగాయలు తరగడానికి చేరాను. ఫ్యాక్టరీల మురికి దిగి మా ఊరి బావుల్లో నీళ్ళు రంగు మారి, మా నాన్న పొలం బీడు పెట్టిన ఏడాది అది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతం మీదే.

చేరిన మొదటి వారమే నాకు మతిపోయింది. మార్కెట్ నుంచి వచ్చిన గంపను బల్ల మీద బోర్లించి మాస్టర్ అన్నాడు, "సుగుణా, మనయి ఒక దిక్కు పెట్టు. ఓడల వచ్చినయి ఒక దిక్కు పెట్టు."

ఇదేం పరీక్ష అనుకుని అన్నీ మన దిక్కే పెట్టాను. ఆయన ముందుగా పచ్చిమిరపకాయలు తీసి అవతల పడేశాడు.

"మాస్టర్! మిర్పకాయ మాది! మా అవ్వ కారం లేంది ముద్ద ముట్టదు!"

"మీ అవ్వ సరే బేటీ. ఆమె అవ్వ, ఆ అవ్వకు అవ్వ... గట్ల చానా ఎనకకు పో. ఆమె మిరియాలు నూరుకున్నది. మిర్చి సముందర్ దాటి పోర్చుగీసోళ్ళ ఓడల వచ్చింది."

తర్వాత ఆలుగడ్డ వెళ్ళింది. టమాట వెళ్ళింది. జామపండు వెళ్ళింది. సీతాఫలం మీద చెయ్యి పెట్టగానే నాకు ఒళ్ళు మండింది. "గిది గూడానా? సీతమ్మ పేరు పెట్టుకున్నం గద!"

"పేరు మనం పెట్టుకున్నం. పండు వాళ్ళు తెచ్చిండ్రు," అని పకపకా నవ్వాడు. చివరికి మన దిక్కు వంకాయలు, కాకరకాయలు, కాస్త చింతపండు మిగిలాయి. అబ్బ, ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకు చెప్పాను. ఒకావిడ నన్ను చూసి భయపడి సీటు మారింది కూడా.

అప్పటినుంచి నాకదే పిచ్చి. కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, "మాస్టర్, ఇయ్యాల ఏ దేశం?" అనేదాన్ని. ఆయన చెప్పేవాడు. మొజాంబిక్ రేవులో కోడిని నిమ్మరసం, మిరపకాయ ముద్ద పట్టించి నిప్పుల మీద కాలుస్తారట. బ్రెజిల్‌లో కొబ్బరిపాలతో వండిన చేపల కూర తిని, అమ్మ గుర్తొచ్చి ఏడ్చాడట. మకావ్‌లో గుడ్డు మీగడ నింపిన చిన్న చిన్న తీపి రొట్టెలు తిన్నాడట. జపానులో కూరగాయల్ని పిండిలో ముంచి నూనెలో వేయిస్తారట, అదీ ఆ ఓడలవాళ్ళ దగ్గర నేర్చిందేనట. అంటే మన మిర్చి బజ్జీకి జపానులో చుట్టముందన్నమాట! ఇంటర్‌లో చరిత్ర అంటే నిద్రపోయిన నేను, ఉల్లిగడ్డ పొట్టు మధ్య కూర్చుని ప్రపంచమంతా తిరిగాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అయితే మంచోళ్ళేనా మాస్టర్ వాళ్ళు?"

ఆయన చేతిలో కత్తి ఆగింది. "మంచోళ్ళా? మా పెద్దల గుడి కూలగొట్టిండ్రు. మా పేర్లు మార్చిండ్రు. భయపడి మార్చుకున్నరు మావోళ్ళు." కత్తి మళ్ళీ కదిలింది. తర్వాత అన్నాడు, "రొట్టె సంగతి వేరే. వాళ్ళకు రొట్టె కావాలె, పొంగించే మందు లేదు. మావోళ్ళు కొబ్బరి చెట్టెక్కి కల్లు దింపి పిండిల పోసిండ్రు. గట్ల ఆ రొట్టె మాదయింది."

ఆ మాట చెవిన పడ్డ కొద్ది రోజులకే గొడవ వచ్చింది. సాయంత్రం చాయ్‌తో ఇచ్చే రొట్టె సిటీ నుంచి వ్యానులో వచ్చేది. వచ్చేసరికి ఎండిపోయి, ఒక్కోసారి బూజు పట్టి ఉండేది. రెండో షిఫ్టు వర్కర్లు ఒకరోజు ప్లేట్లన్నీ కిటికీ ముందు కుప్ప పోసి పనిలోకి పోమని కూర్చున్నారు. మేనేజర్ వచ్చి, సోమవారం నుంచి క్యాంటీన్ కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తానన్నాడు. కాంట్రాక్టర్ తన మనుషుల్నే తెచ్చుకుంటాడు. మాస్టర్‌తో సహా మేము ఎనిమిది మందిమి ఇంటికి పోవాల్సిందే.

మాస్టర్ చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. "సార్, శనివారం చాయ్ దాకా టైమియ్యుండ్రి. గరం గరం రొట్టె ఇస్త. నచ్చకుంటే నేనే పోత."

బాయిలర్ రిపేరులో మిగిలిన కొత్త ఇటుకలు అడిగి తెచ్చాం. మేస్త్రీ ఒక రోజులో వెనకాల పొయ్యి కట్టాడు. మేస్త్రీ అనే మాట కూడా ఆ ఓడల్లోనే దిగిందని మాస్టర్ చెబితే, అతను తాపీ పట్టుకుని అనుమానంగా చూశాడు. పొయ్యి అయింది, పిండిని పొంగించే ఈస్టు లేదు. స్టోర్స్ లిస్టులో దాని పేరు లేదు కాబట్టి కాగితం పోయి రావడానికి పదిహేను రోజులన్నారు. నేను ఎగిరి గంతేశాను. "మాస్టర్, మా పొలం గట్టు మీద ఈత చెట్లున్నయి! చెట్టు కల్లు నేను తెస్త!"

చెప్పడం ఘనంగా చెప్పాను. శుక్రవారం పొద్దున మెలకువ రాలేదు. గౌడన్న చెట్టు దిగే వేళకు నేను ఉరుకులు పెడుతూ బస్సెక్కుతున్నాను. ఏం చేయను? బస్సు దిగి, దారిలో ఉన్న కల్లు దుకాణంలో, అదే కంపౌండులో, ఒక సీసా కొన్నాను. మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు, కంపౌండు కల్లు వేరు, చెట్టు కల్లు వేరు అని. దాంట్లో నీళ్ళు, శాకరిన్, ఇంకా ఏవేవో పొడులు కలుపుతారు. తెలిసీ కొన్నాను. "చెట్టు కల్లే మాస్టర్," అని చేతికిచ్చాను.

మధ్యాహ్నం దాకా చూశాం. కల్లు పోసి కలిపిన పిండి కలిపినట్టే, పొంగకుండా పడి ఉంది. మాస్టర్ సీసా అడుగున మిగిలిన చుక్క నాలుక మీద వేసుకున్నాడు. నా వైపు చూశాడు.

"ఎవరి చెట్టు బేటీ?"

తల వంచుకుని బల్ల తుడవసాగాను. ఆయన మళ్ళీ అంతే నెమ్మదిగా అడిగాడు. ఏడుస్తూ చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆయన ఆ పిండిని అలాగే పొయ్యిలో పెట్టి కాల్చాడు. నల్లగా, పలకలా వచ్చింది. రెండు ముక్కలు చేసి, పచ్చిమిర్చి తొక్కు ఒక గిన్నెలో పెట్టి, కుర్చీ జరిపాడు.

"కూసో. చేసింది మనం. వర్కర్లకు పెట్టం, కుక్కకు పెట్టం. మనమే తిందం."

దవడలు నొప్పి పుట్టేదాకా ఇద్దరం నమిలాం. ఆయన వదిలిపెట్టలేదు, నన్నూ వదలనివ్వలేదు. చివరి ముక్క మింగాక లేచి చెయ్యి కడుక్కుంటూ, "రేపు పొద్దున నేను మీ ఊరికొస్త. నాకు చెట్టు చూపెట్టు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం తెల్లవారేసరికి స్కూటర్ మీద నిజంగానే వచ్చాడు. ఈత చెట్టు కింద తలెత్తి నిలబడితే, పండగ చూస్తున్నవాడిలా ఆయన మొహం వెలిగిపోయింది. పైనుంచి గౌడన్న అరిచాడు, "ఏం సారూ, తాగుతవా?"

"తాగ! రొట్టె చేస్త!"

"కల్లుతోని రొట్టెనా? పరేషాన్ జేస్తున్నవ్ గదనే!" అని గౌడన్న నవ్విన నవ్వుకు నడుముకు కట్టిన మోకు ఊగింది.

పదకొండింటికి తడిగుడ్డ కింద పిండి కదిలింది. ఒంటిగంటకు గుడ్డను పైకి నెట్టింది. పొంగిందండీ! గంగాళం అంచు దాటి పొంగింది! నేను కేక పెట్టి చప్పట్లు కొట్టాను. మాస్టర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, పిండి మీద కూడా కత్తితో అదే గుర్తు గీశాడు. "నువ్వు గూడ మొక్కుకో, నీ దేవునికి," అన్నాడు. నేను మా ఎల్లమ్మకు దండం పెట్టాను.

సాయంత్రం చాయ్‌కి గంప నిండా వేడి రొట్టెలు. వర్కర్లు మొదట అనుమానంగా చిదిమారు. తర్వాత మాటల్లేవు, నమలడమే. ఒకాయన, "అరే భై, గిదేం రొట్టెరా, దూది లెక్కున్నది!" అన్నాడు. మేనేజర్ నిలబడే మూడు తిన్నాడు, నాలుగోది జేబు రుమాలులో చుట్టుకున్నాడు. కాంట్రాక్టర్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

మాస్టర్ రిటైరై గోవా వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. నేను ఆ పొయ్యి ఇటుకలు అడిగి తెచ్చుకుని నా బేకరీలో పొయ్యి కట్టించుకున్నాను. మాస్టర్ పోయాడని ఆయన భార్య ఉత్తరం రాసిన రోజు కూడా పొయ్యి ఆపలేదు. ఆపితే ఆయనకే కోపం వచ్చేది.

మొన్న వానలకు గౌడన్న చెట్టెక్కలేదు. ముందు రోజు కల్లు కొంచెం ఉంటే అదే సర్దేశాను. అది తప్పని తెలుసు. పిండి లేవలేదు. నా దగ్గర కొత్తగా చేరిన లక్ష్మి, "రస్కులు చేసి అమ్ముదం అక్కా, ఎవరికి తెలుస్తది?" అంది. ఆ పిండిని అలాగే పొయ్యిలో పెట్టి కాల్చాను, తొక్కు గిన్నె తెచ్చుకుని కూర్చున్నాను.

"గట్టిగ లేదా అక్కా?"

"రాయి లెక్కున్నది."

"మరెందుకు తింటున్నవ్?"

రొట్టెను రెండు ముక్కలు చేసి, ఒకటి అటు జరిపి, కుర్చీ చూపించాను.

"కూసో. తినుకుంట చెప్త."